రెండుసార్లు ఇప్పిన పందిరి ముడి

మా స్రవ్య పెండ్లి క్యాసెట్ చూసినోళ్లందరు ఒక్కకాడ ఆపుమంటరు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పిల్ల నెత్తిమీద ఎర్ర షామియానా ఉంటది. పుస్తె కట్టేటప్పుడు అది ఉండదు, దాని జాగల ఇంకోటి ఉంటది. నడిమిట్ల ఏమైందో క్యాసెట్ల లేదు. కెమెరా పోరడు కెమెరాను కుర్చీల పడేసి ఉరికిండు గదా, ఇంకెట్లుంటది? అందుకే చూసినోళ్లకల్లా నేనే నోటితోని చెప్పాలె. మా ఆయన విశ్వేశ్వర్ "మొదలు పెట్టినవా, ఇగ పొద్దుగూకేదాక ఆపవు" అని లేచి దుకాణానికి పోతడు. పోనీ. ఇనేటోళ్లు కూసోండ్రి.

అది కార్గిల్ల యుద్ధం నడుస్తున్న యేడు. మా ఛత్రినాకల ఏ దుకాణం ముందట చూసినా టీవీ, టీవీ ముందట గుంపు. మాది ఇత్తడి సామాన్ల దుకాణం. బిందె కొననీకి వచ్చిన ఆడోళ్లు గూడ బేరం మరిచిపోయి తోపుల ముచ్చట పెడుతుండ్రి. గల్లీ పోరగాండ్లయితే ఆకాశంల కాకి ఎగిరినా సెల్యూట్ కొట్టుడే. ట్రైనింగ్ విమానాలు అంతకుముందు ఎప్పుడో ఒకటి కనబడుతుండె. గా ఎండకాలం మాత్రం రోజూ గుయ్యిమని తిరుగుతుండె. "పైలట్లను జల్ది జల్ది తయారు చేస్తున్రు" అని మా ఆయన టీవీల చెప్పినట్టే నాకు చెప్తుండె.

యుద్ధం ఒకదిక్కు, అధికమాసం ఇంకోదిక్కు. గా యేడు జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది. మొదటి దాంట్ల లగ్గాలు బంద్. రెండోది రాంగనే పట్నంల ఉన్న పిల్లలందరికి ఒక్కపాలె పెండ్లిళ్లు! ఫంక్షన్ హాలు దొరకదు, బ్యాండు దొరకదు, పంతులు దొరకడు. ఇంటి ముందట గల్లీలనే పందిరి ఏద్దామనుకున్నం. టెంట్ హౌస్ బాలకిషన్ మా పక్కింటోడే, చిన్నప్పటి సంది నన్ను అక్కా అంటడు. ఒక ఎర్ర షామియానా తెచ్చి కట్టిండు.

"అక్కా, నా దుకాణంల ఇదే ఆఖరిది. దీని తర్వాత నా ఒంటిమీది అంగీ తప్ప ఇంక గుడ్డ లేదు," అన్నడు.

మా ఇండ్లల్ల పందిరికి మొదటి ముడి ఏసేటప్పుడు గుంజకు పసుపు కుంకుమ పెడతరు. అప్పగింతలయ్యి బిడ్డ బయటికి నడిచేదాక ఆ ముడి ఇప్పొద్దు. నడుమల ఇప్పితే సంసారం ఇప్పినట్టే అంటరు. గా ముడి ఏసేటప్పుడు పిల్లగాని మేనమామ రామలింగయ్య సైదాబాద్ నుంచి పనిగట్టుకొని వచ్చి, కండ్లద్దాలు సర్దుకుంట దగ్గరుండి చూసిండు. మా అల్లుడు మనీష్‌కు తండ్రి లేడు. ఈ మామనే సాది, సదివిచ్చి, బ్యాంకుల నౌకరి పెట్టిచ్చిండు. అంతకుముందు ఒక సంబంధం నిశ్చితార్థం దాక వచ్చినంక, కొబ్బరికాయ కుళ్లిందని ఇదే రామలింగయ్య లేచి పోయిండంట. నాకు గది తెలిసిన కాడి నుంచి కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా గుండె దడదడ కొట్టుకునేది. ఎందుకంటే మా స్రవ్యకు ఆ పిల్లగాడు నచ్చిండు. ఎన్ని సంబంధాలు చూసినా మూతి ముడుచుకున్న పిల్ల, మనీష్ వచ్చిపోయిన దినం వంటింట్ల పాట పాడుకుంట గిన్నెలు కడిగింది. ఇగ నాకేం గావాలె?

లగ్గం దినం పొద్దుగాల సంది అంత మంచిగనే నడిచింది. జీలకర్ర బెల్లం అయింది. పుస్తె కట్టనీకి ఇంక కొంచెం సేపే ఉంది. పంతులు మంత్రం చదువుతుండు, బ్యాండోళ్లు చాయ్ తాగుతుండ్రు, గల్లీ చివర్ల వంటోళ్లు బగారన్నం దమ్ము మీద పెట్టిండ్రు. పందిరి కింద సూదేస్తే కింద పడనంత జనం.

అప్పుడు ఇనబడ్డది సప్పుడు.

రోజూ ఇనే గుయ్యి కాదది. దగ్గుకుంట వచ్చింది, ముసలి ఆటో గడ్డ ఎక్కుతున్నట్టు. దగ్గుడు, ఆగుడు, మళ్ల దగ్గుడు. నేను పందిరి బయట అక్షింతల పళ్లెం పట్టుకొని నిలబడ్డ. తల ఎత్తి చూసిన. అమ్మో అమ్మో! చిన్న విమానం, వెనుక నల్లటి పొగ, సీదా మా గల్లీ మీదికే వస్తుంది! డాబాలు తగులుతయా అన్నంత కిందికి ఉంది.

"పారిపోండ్రీ!" అని ఎవడో ఒర్లిండు. ఏడికి పారిపోతరు? ఒకలమీద ఒకలు పడ్డరు. విమానం నుంచి ఢాం అని ఏదో పైకి ఎగిరింది, దాని ఎనుకనే గాలిల పెద్ద గొడుగు పటపటమని ఇచ్చుకున్నది. విమానం మాత్రం ఆగలేదు. మా నెత్తిమీది నుంచి పోయింది. పోయేటప్పుడు నేను చూసిన. నా కండ్లతోని చూసిన. దాంట్ల ఇంకో తలకాయ ఉంది, టోపీ పెట్టుకున్న తలకాయ. విమానం ముక్కు కొంచెం లేచింది, డాబాలు దాటింది, సంతోష్‌నగర్ దిక్కు వంగి అవతలికి పోయింది. చానసేపు ఏం సప్పుడు లేదు. తర్వాత దూరంగ ధడ్‌మన్నది, నల్ల పొగ లేచింది.

నా చేతిల పళ్లెం ఏమైందో నాకు తెల్వదు. అక్షింతలన్ని నా కాళ్లమీద ఉండె.

ఇంతల పోరగాండ్లు "అగో, అగో!" అని గుంపుగ ఉరికిండ్రు. గొడుగు కట్టుకున్న మనిషి గాలికి కొట్టుకొచ్చి మా ఎదురుంగ ఉన్న ఇంటికి తగిలిండు. మూడంతస్తులు లేపి పైసలు అయిపోయి ఆపేసిన ఇల్లది. పైన పిల్లర్లల్లకెళ్లి ఇనుప సువ్వలు మొలిచి ఉంటయి. గొడుగు తాళ్లు గా సువ్వలకు చిక్కుకున్నయి. మనిషి గోడ మొఖాన కొట్టుకొని, మూడో అంతస్తు కాడ గాలిల ఏలాడబడ్డడు. ఒక కాలు ఉండాల్సిన దిక్కు లేదు. 

పెండ్లి పందిట్ల ఇగ ఎవరుంటరు? పంతులు, పిల్ల, పిల్లగాడు, రామలింగయ్య. మిగిలిన ఊరంతా ఎదురింటి కింద ఉంది. ఇగ సూడు లొల్లి! గొడుగుకు తెలుపు, ఆకుపచ్చ పట్టీలు ఉండె. అది చూసి ఒక తీస్మార్‌ఖాన్ "ఆకుపచ్చ! పాకిస్తానోడురో!" అని కూసిండు. అంతే. గా దినాలల్ల గా మాట అంటే చాలు, మందికి పిచ్చి లేస్తుండె. ఒకడు ఇటుక పెడ్డ అందుకున్నడు.

ఆటో నడిపే ఖాజా భాయ్ వాని చెయ్యి పట్టుకున్నడు. "అరె పాగల్, పాకిస్తాన్ సే ఛత్రినాక తక్ కోన్ ఆతా రే, ఛత్రీ పకడ్‌కే?" అన్నడు. గొడుగు పట్టుకొని పాకిస్తాన్ నుంచి ఎవడొస్తడన్న మాటకు సగం మంది నవ్విండ్రు. సగం మంది నవ్వలేదు. పెడ్డ పట్టుకున్నోడు చెయ్యి గుంజుకుంటుండు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పోయి వాని చెంప మీద ఒక్కటిచ్చిన. పట్టుచీర, కాళ్లకు పారాణి, ఏం చూసుకోలే.

"నా బిడ్డ పెండ్లిల రాళ్లేస్తావురా, బాడ్కావ్! వాడు ఎవ్వడైతే నీకేందిరా? పందిరి ముందటికి వచ్చినోడు చుట్టమే. అన్నం పెట్టి తోలిద్దాం, తర్వాత వాని ఊరు అడుగుదాం!"

అప్పుడు పైనుంచి ఇనబడ్డది. "అమ్మా! అమ్మా, చచ్చిపోతున్నానండీ! ఎవరైనా పట్టుకోండి!"

అండీ అంట! చచ్చిపోతున్నప్పుడు గూడ అండీ అనేటోడు పాకిస్తానోడెట్లయితడు? మనోడే, బెజవాడ దిక్కు పిల్లగాడు. గొంతు ఇంటే మీసం గూడ సక్కగ రాలేదని తెలుస్తుంది. ఇగ గల్లీ అంతా ఒక్కసారి మారింది. నలుగురు పోరగాండ్లు మెట్లెక్కి పైకి ఉరికిండ్రు. పైకి పోయి తాళ్లు పట్టుకున్నరు గని, గాలికి గొడుగు ఉబ్బి వాళ్లనే గుంజబట్టింది. డాబాకు పిట్టగోడ లేదు, పట్టుకొని ఆగనీకి ఏం లేదు. తాళ్లు సువ్వలకు రాసుకొని ఒక్కొక్కటే తెగుతున్నయి. తెగినప్పుడల్లా పిల్లగాడు కొంచెం కిందికి జారుతుండు, జనం "హాఁ" అంటున్రు.

"కింద ఏదన్న పట్టండ్రిరో! ఇగ ఆగదు!" అని పైనుంచి పోరగాండ్లు మొత్తుకున్నరు.

ఎవరో దుప్పటి తెచ్చిండ్రు. ఇద్దరు గుంజి చూస్తేనే పర్రుమని చినిగింది. ఇంకెవరో పరుపు అన్నరు. పరుపు ఎంత మందం ఉంటది? నేను బాలకిషన్ దిక్కు చూసిన. వాడు నా దిక్కు చూసిండు. తర్వాత ఇద్దరం ఒక్కసారే పందిరి దిక్కు చూసినం. మందపాటి గుడ్డ, అంచుకు తాడు కుట్టిన గుడ్డ, యాభై మంది పట్టుకున్నా జాగ మిగిలే గుడ్డ. గల్లీ మొత్తంల అదొక్కటే ఉంది.

వాడు ఎట్ల అడుగుతడు? పెండ్లి పందిరి ఇప్పుమని ఏ నోటితోని అడుగుతడు?

నేను పందిట్లకు పోయిన. రామలింగయ్య నా మొఖం చూసి సంగతి పట్టేసిండు. గుంజకు అడ్డంగ నిలబడ్డడు.

"వదినా, ఒక్క మాట చెప్తున్న. జీలకర్ర బెల్లం అయ్యి పుస్తె కాని పెండ్లిది. ఇప్పుడు గా ముడి ఇప్పితే ఈ పెండ్లి కాదు. నా చెల్లెలు కొడుకును తీసుకొని పోత. మళ్ల నన్ను అనొద్దు."

మనిషి చెడ్డోడు కాదు. ఇప్పుడు చెప్తున్న, గప్పుడు గూడ నాకు తెలుసు. చెల్లెలు మొగడు పోయినప్పటి సంది ఏ గీత దాటితే ఏమైతదో అని బుగులుతోనే బతికిండు. గని గా నిమిషం నాకు ఆయనను గూడ ఒక్కటి పీకాలనిపించింది.

నా బిడ్డను చూసిన. నెత్తిమీద జీలకర్ర బెల్లం, కండ్ల నిండ నీళ్లు. జీలకర్ర బెల్లం అయినంక ఆగిపోయిన పెండ్లి పిల్లను మల్ల ఎవడు చేసుకుంటడు?  బయట ఇంకో తాడు తెగింది, జనం అరిచిండ్రు. ఏలాడే పిల్లగాడు "అమ్మా" అన్నడు. వాని అమ్మ ఏడుందో, ఏ ఊళ్లె వంట చేసుకుంటుందో. ఆమె ఈడ లేదు. నేనున్న.

"స్రవ్యా, ఏం చెయ్యాలె బిడ్డా?" అని అడిగిన.

అది మొగోని దిక్కు చూడలే, మామ దిక్కు చూడలే. "ఇప్పమ్మా! జల్ది ఇప్పు!" అని గట్టిగ అన్నది.

"జరుగుండ్రి," అన్న రామలింగయ్యతోని. "పాపం అంటితే నాకే అంటది. ముడి నేనే ఇప్పుత, ఇంకెవ్వరి చెయ్యి పెట్టనియ్య." ఆయన జరగలే. నేనే ఆయన చెయ్యి కిందికెళ్లి వంగి, పసుపు కుంకుమ పెట్టిన గుంజ కాడ ముడి పట్టుకున్న. బిగుసుకపోయి ఉంది. పండ్లతోని గుంజిన. ఇగ నేను ముడి ఇప్పేది చూసి బాలకిషన్ మనుషులు మిగిలిన మూలలు కోతుల లెక్క ఎక్కి ఇప్పేసిండ్రు. షామియానా దబ్బున పంతులు మీద పడ్డది. పాపం, దాని కింద గూడ మంత్రం ఆపలే ఆ మనిషి!

గుడ్డను ఎత్తుకొని ఉరికినం. ఎవరు పట్టిండ్రంటే ఏం చెప్త? బ్యాండోళ్లు పట్టిండ్రు, వంటోళ్లు పట్టిండ్రు, ఖాజా భాయ్ ఆటో స్టాండంతా పట్టిండ్రు, నా చేతిల చెంపదెబ్బ తిన్నోడు పట్టిండు. మా ఆయన, జన్మల ఎన్నడు బిందె కంటె బరువు ఎత్తని మా ఆయన, ఒక మూల చేతికి చుట్టుకొని నిలబడ్డడు. నా పక్కన ఎవరో మోచెయ్యి తగిలిచ్చిండ్రు. చూస్తే మనీష్! నుదుటికి బాసికం, మెడల దండ, చేతుల షామియానా.

"మీ మామ?" అన్న.

"తర్వాత చూద్దాం అత్తమ్మా, గట్టిగ పట్టుకోండ్రి," అన్నడు. నాకు గప్పుడే అల్లుడు నచ్చిండు. అంతకుముందు ఒట్టి సంబంధం నచ్చింది.

"జోర్ సే ఖీంచో! ఛోడ్నా నక్కో!" గట్టిగ గుంజుండ్రి, ఇడువకుండ్రి అని ఖాజా భాయ్ అరుస్తుండు. "ఎడమకు, ఇంకా ఎడమకు!" అని బాలకిషన్. పైన తాళ్లు పట్ పట్ పట్ మని ఒక్కసారే పోయినయి. పిల్లగాడు పడ్డడు. నేను కండ్లు మూసుకోలే. గుడ్డ మధ్యల ఢబ్‌మని పడ్డడు, మేమందరం ముందటికి గుంజుకపోయినం, నా భుజం ఊడినట్టయింది. గుడ్డ నడిమిట్లకెళ్లి పర్రుమని చినిగింది. చినిగి చినిగి, నేల ఇంక జానెడు ఉందనంగ ఆగింది.

సప్పుడు లేదు.  తర్వాత చినిగిన షామియానల నుంచి సన్నటి గొంతు వచ్చింది. "థాంక్సండీ."

ఇగ చూడు! బ్యాండోడు డప్పు మీద ఒక్క దరువు ఏసిండు, గల్లీ మొత్తం ఎగిరింది. ఎవరు ఎవర్ని పట్టుకొని ఏడుస్తున్నరో తెల్వదు. నేనయితే మా ఆయనను కావలిచ్చుకున్న, అంత మందిల! ఇరవై రెండేండ్ల కాపురంల అదొక్కటే.

పిల్లగాని పేరు వంశీధర్. గల్లీ డాక్టర్ వచ్చి, విరిగిన కాలుకు పందిరి బొంగు ముక్కలు రెండు పెట్టి కట్టిండు. పోలీసులకు ఫోన్ చేస్తే కదిలియ్యొద్దు, మిలిటరీ అంబులెన్స్ వస్తుందన్నరు. పెండ్లిల పరిచిన జంపఖానా మీదనే పండవెట్టినం. నేను నీళ్లు తాపిన. రెండు గుక్కలు తాగి నా చెయ్యి పట్టుకున్నడు.

"మా సార్ ఏరండీ? భరద్వాజ్ సార్. నాకు నేర్పేది ఆయనే. ఇంజన్ ఆగిపోతోంది, నువ్వు దూకెయ్ అన్నారు. మీరో అంటే, కింద ఎర్ర షామియానా కనబడుతోందిరా, ఏదో పెళ్ళిలా ఉంది, ఇళ్ళు దాటించి నేనూ దూకుతా అన్నారు."

 టోపీ పెట్టుకున్న ఆ తలకాయ నా కండ్ల ముందట తిరిగింది. మా ఎర్ర గుడ్డను చూసి విమానం ముక్కు పైకి లేపిండన్నట్టు! "దుంకే ఉంటడు బిడ్డా. నువ్వు ఫికర్ చెయ్యకు. మీ సార్‌కు గూడ విస్తరి ఏసి పెడ్త, వచ్చి తింటడు," అన్న. నిజంగనే నమ్మిన నేను. అంత మంచి జరిగినంక ఇంకో మంచి జరగదా అనుకున్న.

గని పెండ్లి? పుస్తె కట్టే గడియ దాటిపోతుంది. పందిరి లేదు, నాలుగు గుంజలు బోడిగ నిలబడ్డయి. పిల్ల అట్లనే పీట మీద కూసుంది. మనీష్ పోయి పక్కన కూసున్నడు. రామలింగయ్య చేతులు ఎనుకకు కట్టుకొని నిలబడ్డడు. "నీడ లేని పందిట్ల పుస్తె కట్టించ," అన్నడు. ఈసారి గొంతుల జోరు లేదు గని, మాట అదే.

పంతులు ఆకాశం దిక్కు, పంచాంగం దిక్కు చూస్తుండు. బాలకిషన్ నెత్తి కొట్టుకున్నడు. "ముందే చెప్పిన గదక్కా, నా దగ్గర ఇంకో గుడ్డ లేదని."

ఇంతల ఎదురింటి మీదికెళ్లి పోరగాండ్లు "జరుగుండ్రి!" అని అరిచిండ్రు. సువ్వలకు చిక్కిన గొడుగును ఇడిపిచ్చి కిందికి ఇడిచిండ్రు. అది గాలిల ఉబ్బి, మెల్లగ ఊగుకుంట వచ్చి, బోడి గుంజల మీద సగం పరుచుకున్నది. నేను ఏం ఆలోచన చెయ్యలే. "బాలకిషన్! కట్టు!" అన్న.

నిమిషాల మీద కట్టేసిండు. పసుపు కుంకుమ గుంజకు మొదటి ముడి మళ్ల నేనే ఏసిన. పట్టు కంటె సన్నటి గుడ్డ. ఎండ దాంట్లకెళ్లి దిగి, పందిరంతా లేత పచ్చగ, చల్లగ అయింది. రామలింగయ్య తలెత్తి చానసేపు చూసిండు. "నీడే గదా మామా," అన్నడు మనీష్. ఆయన నడిచిపోయి పుస్తె ఉన్న పళ్లెం తానే అందుకొని పంతులు చేతిల పెట్టిండు. బ్యాండు మోగింది. కెమెరా పోరడు అప్పుడు యాదికొచ్చి కెమెరా కోసం ఉరికిండు. క్యాసెట్ల మళ్ల మొదలయ్యేది ఆన్నుంచే.

వంశీధర్ పండుకున్న కాడికెళ్లి అక్షింతలు ఏసిండు. తలంబాలకు గల్లీ గల్లీ నవ్వింది. విస్తర్లు ఏసినం. ఒక కొసకు ఒక విస్తరి ఏసి, లడ్డు పెట్టి, "ఇది సార్‌ది, ఎవ్వరు కూసోవద్దు" అని చెప్పిన.

బంతి సగం కాకముందే మిలిటరీ బండ్లు వచ్చినయి. పిల్లగాన్ని స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుండ్రు. ఒక ఆఫీసర్ పందిరి చుట్టు రెండుసార్లు తిరిగిండు, పైకి చూసిండు, నెత్తి గోక్కున్నడు. అది సర్కారీ సామాను, ఎంక్వైరీకి గావాలె, ఇప్పుతం అని హిందీల అన్నడు.

"ఏంది, ఇప్పుతరా?" అన్న. నా నోరు మీకు తెలుసు గదా. "నీ సర్కారుకు చెప్పు. నా బిడ్డ అప్పగింతలు కావాలె. అది బయటికి నడిచేదాక ఈ ముడి మీద ఎవ్వని చెయ్యి పడనియ్య. ఇప్పటికే ఒకసారి ఇప్పిన ఇయ్యాల. మళ్ల ఇప్పితే నా బిడ్డ బతుకు ఏంగావాలె? తుపాకి పెట్టినా ఇయ్య!" ఎనుకకెళ్లి గల్లీ అంతా "ఇయ్యం!" అన్నది. రామలింగయ్య అందరికంటె గట్టిగ అన్నడు.

ఆఫీసర్‌కు కోపం రాలే. నాకు అదే ఇచిత్రం అనిపించింది. తల వంచుకొని నిలబడ్డడు. స్ట్రెచర్ మీదికెళ్లి వంశీధర్ "భరద్వాజ్ సార్?" అని అడిగిండు. ఆఫీసర్ వాని దిక్కు చూసి, వాని భుజం మీద చెయ్యి పెట్టిండు. విమానం ఒక చెరువు అవతల పొలంల పడ్డదంట. ఒక్క ఇంటికి తగలలేదంట. ఇండ్లు దాటేటాల్లకు దుంకనీకి ఎత్తు మిగలలేదంట.

పిల్లగాడు గొల్లుమన్నడు. నేను ఏడ్వలే. నా నోట్ల మాట లేదు. నా నోట్ల మాట లేకపోవుడు మా ఆయన గప్పుడే చూసిండంట మొదటిసారి.

నడుచుకుంట గుంజ కాడికి పోయిన. ముడి మీద చెయ్యేసిన.

"వదినా, ఆగు," అన్నడు రామలింగయ్య. నా పానం ఉసూరుమన్నది, మళ్ల మొదలు పెట్టిండా అనుకున్న. ఆయన పళ్లెంల నుంచి పసుపు కుంకుమ తెచ్చి నా చేతిల పెట్టిండు. "ఉత్త చేతులతోని ఇప్పొద్దు. బొట్టు పెట్టి ఇప్పు." అని, తాను పోయి అవతలి గుంజ కాడ తాడు పట్టుకున్నడు, గుడ్డ నేలకు తగలకుండ.

బొట్టు పెట్టి ఇప్పిన. స్రవ్య, మనీష్ వచ్చి చెరొక అంచు పట్టిండ్రు. పట్టుచీర మడత పెట్టినట్టు పెట్టినం. మడతల నడుమ గుప్పెడు అక్షింతలు, సార్ విస్తరిల పెట్టిన లడ్డు పెట్టిన. ఆఫీసర్ రెండు చేతులు సాపిండు. బిడ్డ చెయ్యి వియ్యాలవారి చేతిల పెట్టేటప్పుడు ఏమంటరో నాకు గదే మాట వచ్చింది.

"మా పిల్ల, పైలం. సార్ వాళ్ల ఇంట్ల ఒప్పజెప్పుండ్రి. అక్షింతలు దులుపకుండ్రి," అన్న. గప్పుడు ఏడ్చిన.

బండ్లు పోయినంక స్రవ్య అప్పగింతలు అయినయి. నెత్తిమీద ఏం లేదు, నాలుగు బోడి గుంజలు, ఉత్త ఆకాశం. అపశకునమని ఒక్కరు గూడ అనలే. అప్పగింతలప్పుడు అందరు పిల్లను చూసి ఏడుస్తరు గదా. గా దినం గల్లీ గల్లీ పైకి చూసి ఏడ్చింది.